కారెక్కితే కక్కే కుక్క: వీధి చివర నుంచి అరకు ఘాట్ దాకా

శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలయ్యే చోట మా కుక్క చిట్టి మూతి నాక్కోవడం మొదలుపెట్టింది. వెనక సీట్లో దాని పక్కనే కూర్చున్న మా అత్తయ్య గారు, "బాబూ, దీని నోట్లోంచి దారాల్లా నీళ్ళు కారుతున్నాయి, చూశారా?" అన్నారు. "ఎండ కదండీ, దాహం వేసుంటుంది" అన్నాను, అన్నీ తెలిసినవాడిలా. మూడో మలుపు తిరిగేసరికి పొద్దున అయిదున్నరకు గిన్నెడు పెట్టిన పెరుగన్నం మొత్తం ఆవిడ వెంకటగిరి చీర మీదికి వచ్చేసింది. ఆవిడ కోప్పడలేదు. "బస్సెక్కితే నాదీ ఇదే బాధ. దాన్నేం అనకండి" అన్నారు.

ఆ రోజు అక్కడి నుంచే వెనక్కి తిరిగాం. విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్లే. అదే చిట్టి వాంతి చేసుకోకుండా అరకు చేరడానికి మాకు మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో మా పశువైద్యుడి దగ్గర నేర్చుకున్నవీ, తప్పులు చేసి తెలుసుకున్నవీ చేయాల్సిన వరసలోనే రాస్తున్నాను.

ముందు ఇది చెవి బాధా, భయమా తేల్చుకోండి

వాంతి వచ్చేది కడుపులోంచే గానీ, గొడవ పుట్టేది చెవిలో. లోపలి చెవిలో ఒళ్ళు తూలకుండా చూసుకునే ఏర్పాటు ఒకటి ఉంటుంది. కారు మలుపు తిరిగినా, బ్రేకు పడినా "కదులుతున్నాం" అని అది మెదడుకు చెబుతుంది. సీట్లో పడుకున్న కుక్క కళ్ళకు మాత్రం ఎదుట సీటు వెనక భాగమే కనిపిస్తుంది, అది కదలదు. కళ్ళొకటి చెప్పి చెవులొకటి చెబితే మెదడు తికమకపడుతుంది, కడుపు తిప్పుతుంది. లోపలి చెవి పనిచేయని కుక్కలకు ఈ రకం వాంతి రాదని పాత ప్రయోగాల్లోనే తేలింది. కుక్కపిల్లల్లో ఈ ఏర్పాటు ఇంకా పూర్తిగా కుదురుకోదు. అందుకే పిల్లగా ఉన్నప్పుడు కక్కే కుక్కల్లో చాలావాటికి ఏడాది నిండేసరికి అదే తగ్గిపోతుంది.

ఇక రెండోది భయం. రెండు మూడుసార్లు కారులో వాంతి అయిన కుక్కకు కారంటేనే వాంతి అని గుర్తుండిపోతుంది. సూది వేయించడానికి తప్ప ఎప్పుడూ కారెక్కించని కుక్క సంగతి చెప్పనే అక్కర్లేదు. అప్పుడు చెవి బాధ తగ్గిపోయినా భయం మిగులుతుంది, ఆ భయంతోనూ చొంగ కారుస్తుంది, కక్కుతుంది.

ఈ రెంటినీ విడదీయడానికి ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటుంది. కడుపు నిండుగా లేని వేళ చూసి, నీడలో ఆపి ఉన్న కారులో, తలుపులు తీసే ఉంచి, కుక్కతో పాటు పది నిమిషాలు కూర్చోండి. ఇంజను వేయొద్దు. దాని మూతిని చూడండి. తర్వాత ఇంజను వేసి, కారు కదపకుండా ఇంకో అయిదు నిమిషాలు ఉండండి. చక్రం ఒక్కసారి కూడా తిరగకుండానే చొంగ మొదలైతే అది భయమే. ఆపి ఉన్నంతసేపూ హాయిగా ఉండి, బయల్దేరాక పది పదిహేను నిమిషాలకు మూతి నాక్కుంటుంటే అది చెవి బాధ. మా చిట్టికి రెండూ ఉన్నాయి. ఇంజను శబ్దం వినగానే తోక కాళ్ళ మధ్యకు వెళ్ళిపోయేది.

ఈ తేడా ఎందుకు తేల్చుకోవాలంటే, భయానికి వాంతి మాత్ర వేసి "మందు పనిచేయలేదండీ" అనేవాళ్ళు చాలామంది. నేనూ అన్నాను.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేయాలి. ప్రతి వాంతినీ కారు మీదికి నెట్టేయకండి. కొత్తగా కారులో ఇంటికి తెచ్చిన రెండు మూడు నెలల పిల్ల మర్నాడు కూడా వాంతులు చేసుకుంటూ, తిండి మానేసి, విరేచనాల్లో నెత్తురు పడుతుంటే అది ప్రయాణం బడలిక కాదు, పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు. ఆ పూటే ఆస్పత్రికి వెళ్ళాలి. అయిదారేళ్ళుగా బాగానే కారెక్కుతున్న కుక్క ఉన్నట్టుండి కక్కడం మొదలుపెడితే ముందు చెవులు చూపించండి. తల ఒక పక్కకు వాలిపోయినా, నడకలో తూలినా మరీ ఆలస్యం చేయకూడదు. పెద్ద జాతి కుక్క పొట్ట ఉబ్బిపోయి, ఎంత ఓకరించినా ఏమీ బయటికి రాకపోతే అది ప్రాణాపాయం. అర్ధరాత్రి అయినా సరే డాక్టర్ని లేపాల్సిందే.

వాంతి చివర్లో వస్తుంది, దానికి ముందే చాలా చెబుతుంది

ఓకరింపు దాకా ఆగితే ఆలస్యమైనట్టే. చిట్టి విషయంలో వరస ఇలా ఉండేది. ముందు ఆవలింతలు. నిద్ర వచ్చి తీసే ఆవలింతలు కావవి, ఒకదాని వెంట ఒకటి. తర్వాత పెదాలు నాక్కోవడం, ఊరికే గుటకలు వేయడం. తర్వాత మా వైపు చూడ్డం మానేసి తల సీటు అంచు మీద ఆనించేది. అప్పుడు చొంగ. మొదటి చుక్క సీటు మీద పడ్డాక మాకు దాదాపు పది నిమిషాలు వ్యవధి ఉండేది. మీ కుక్కకు ఎంత వ్యవధి ఉందో ఒకటి రెండుసార్లు గడియారం చూసి రాసుకోండి. ఈ పద్ధతంతా ఆ లెక్క మీదే నడుస్తుంది, ఎందుకంటే ప్రతిరోజూ ఆ లెక్కకు లోపలే కారాపి దించేయాలి.

రెండు వారాలు కారు కదలొద్దు

భయం ఉన్న కుక్కకు ఇది తప్పదు. ఓపిక లేక దీన్ని దాటవేసి, ఆఖరికి మళ్ళీ ఇక్కడికే వచ్చాను.

మొదటి నాలుగైదు రోజులు కారుకు రెండు వైపులా వెనక తలుపులు బార్లా తీసి, దాని అన్నం గిన్నె కారు పక్కన పెట్టండి. ఎక్కమని బతిమాలొద్దు, ఎత్తి లోపల పడేయొద్దు. తర్వాత గిన్నె కారు గడప మీదికి, ఆ తర్వాత సీటు మీదికి. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడి ముక్కలు నాలుగు సీటు మీద చల్లితే చిట్టి మూడో రోజే ముందు కాళ్ళు పెట్టింది, ఏడో రోజుకు నాలుగూ. రెండు తలుపులూ ఎందుకంటే, ఒక వైపు ఎక్కి రెండో వైపు దిగిపోవచ్చని దానికి తెలియాలి. దారి ఉందని తెలిసిన కుక్క లోపల కాసేపు ఎక్కువే ఆగుతుంది.

లోపల కూర్చుని తినడం అలవాటయ్యాక తలుపులు మూయండి, అర నిమిషంలో తీయండి. మర్నాడు ఒక నిమిషం. ఆ తర్వాత ఇంజను వేసి ఆపేయండి. ఏ మెట్టు దగ్గరైనా చొంగ కనిపిస్తే ముందు రోజు చేసిన దానికి వెనక్కి వెళ్ళండి, తిట్టకండి. ఇంజను శబ్దానికే హడలిపోయే కుక్క అయితే మీ ఇంట్లో ఒకరు కారు స్టార్ట్ చేస్తుంటే మీరు దాన్ని దూరంగా నిలబెట్టి ముక్కలు పెడుతూ, రోజుకు కొంచెం కొంచెం దగ్గరికి తీసుకురండి.

కారు కదిలించే రోజున వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి రండి, అంతే. రెండు మూడు రోజులు అదే. ఆ తర్వాత దానికి ఇష్టమైన చోటికి. మాకు బీచ్ రోడ్డు ఉంది కాబట్టి పని సులువైంది. పొద్దున ఆరింటికి ట్రాఫిక్ లేనప్పుడు పది నిమిషాలు పోనిచ్చి, ఇసకలో పరుగెత్తించి తెచ్చేవాళ్ళం. మీ ఊళ్ళో చెరువు గట్టు కావచ్చు, పొలం కావచ్చు, ఖాళీ మైదానం కావచ్చు. ఈ రోజుల్లో మాత్రం పొరపాటున కూడా కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళకండి, వెళ్ళక తప్పకపోతే ఆటో మాట్లాడుకోండి. పది నిమిషాలు పదిహేను, ఇరవై అవుతాయి. చిట్టి నలభై నిమిషాలు తట్టుకోవడానికి రెండు నెలలు పట్టింది. పక్కింటివాళ్ళ లాబ్రడార్‌కు మూడు వారాలే పట్టింది. కుక్కను బట్టి ఉంటుంది.

ప్రయాణం రోజు తిండి

"ఖాళీ కడుపుతో ఎలా పంపిస్తాం పాపం" అనే జాలే మన చీర పాడు చేసేది. పెద్ద కుక్కకు బయల్దేరడానికి కనీసం మూడు నాలుగు గంటల ముందు తిండి ఆపేయండి. తెల్లవారుజామున బయల్దేరేటట్టయితే రాత్రి అన్నమే దాని చివరి తిండి. పెరుగన్నం, పాలు, నెయ్యి వేసిన అన్నం ఆ రాత్రికి వద్దు, తేలిగ్గా అరిగేది కొంచెం తక్కువగా పెట్టండి. నీళ్ళు మాత్రం ఆపొద్దు. గిన్నెడు ఒకేసారి తాగనివ్వకుండా కాసిని కాసిని పెట్టండి, దారిలో గంటకోసారి ఆపి నాలుగు గుక్కలు.

చిన్న పిల్లలకూ, మరీ చిన్న జాతులకూ ఈ పస్తు కుదరదు. ఎక్కువసేపు తినకపోతే వాటి ఒంట్లో చక్కెర పడిపోతుంది. వాటికి రెండు గంటల ముందు నాలుగు మెతుకులు పెట్టడమే మేలు. చక్కెర జబ్బుకు ఇన్సులిన్ తీసుకునే కుక్క అయితే డాక్టర్ని అడక్కుండా తిండి వేళలు మార్చొద్దు.

బయల్దేరే ముందు అరగంట నడిపించి, ఒకటికి రెండికి వెళ్ళేట్టు చూడండి. అలసిన కుక్క నిద్రపోతుంది, నిద్రపోయే కుక్క కక్కడం తక్కువ.

ఎక్కడ కూర్చోబెట్టాలి

డిక్కీలో వద్దు. వెనక చక్రాల అవతల ఊపు ఎక్కువ, బయటి చూపు తక్కువ. బస్సులో చివరి సీటు సంగతి మనకు తెలిసిందేగా. వెనక సీటు మధ్యలో, మొహం ముందుకు ఉండేలా కూర్చోబెట్టండి. మెడ పట్టీకి కాకుండా ఛాతీ చుట్టూ వేసే హార్నెస్‌కు సీటు బెల్టు తగిలించండి, బ్రేకు పడితే మెడ మీద భారం పడదు. చిన్న కుక్కయితే సీటు మీద ఎత్తు దుప్పటి వేసి, ముందు అద్దంలోంచి రోడ్డు కనిపించేలా చేయండి. కొన్ని కుక్కలకు మాత్రం బయటిది కనిపించకపోతేనే నయం. పక్క అద్దంలో చెట్లు పరుగెత్తుతుంటే వాటికి తల తిరుగుతుంది. అలాంటివాటికి పక్క అద్దాలకు ఎండ తెరలు కట్టి, లేదా దుప్పటి కప్పిన క్రేట్‌లో పెట్టి చూడండి. రెండు రకాలూ చిన్న ప్రయాణాల్లో తేల్చుకోవాలి, ఘాట్ మీద ప్రయోగాలు చేయకూడదు.

అద్దం రెండు వేళ్ళ మేర దించితే చాలు, గాలి ఆడుతుంది. తల బయట పెట్టనివ్వొద్దు, కంట్లో ఇసక రేణువు పడితే అదో ఖర్చు. డ్రైవరు ఒళ్ళో కుక్క ఫొటోకే బాగుంటుంది.

స్టీరింగు పట్టుకున్నవాడి పని

అన్ని మందుల కంటే ఎక్కువ పనిచేసింది నా కుడికాలే అంటే మా ఆవిడ నవ్వుతుంది, కానీ నిజం. కడుపు తిప్పేది వేగం కాదు, వేగం మారడం. గేరు మార్చిన ప్రతిసారీ కుదుపు, స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆఖరి నిమిషంలో బ్రేకు, లారీని దాటడానికి ఒక్కసారిగా ఉరికించడం. సీటు పట్టుకుని కూర్చునే మనకే ఇబ్బంది, పట్టుకోవడానికి చేతులు లేని కుక్క ఎటు ఊగితే అటు పోతుంది.

దీనికి నేను చేసిన సాధన చెబుతాను. కప్ హోల్డర్‌లో స్టీలు గ్లాసు పెట్టి, అంచుకు వేలెడు తక్కువగా నీళ్ళు పోయండి. కుక్క లేకుండా మీ ఊళ్ళో అరగంట తిరగండి. మొదటి రోజు నా గ్లాసులో సగం కూడా మిగల్లేదు, సీటు తడిసిపోయింది. నీళ్ళు చిందకుండా నడపాలంటే వంద గజాల ముందే యాక్సిలరేటర్ మీద కాలు తీయాలి, బ్రేకు మీద మెల్లగా బరువు పెంచి, కారు పూర్తిగా ఆగే ముందు క్షణంలో కొంచెం వదలాలి. ఆ చివరి వదులు నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే. ఆగేటప్పుడు తల ముందుకు పడి వెనక్కి కొట్టుకునే ఆ చిన్న కుదుపే కుక్కను ఎక్కువ పాడు చేస్తుంది.

ఘాట్‌లో మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి, మలుపులో బ్రేకు తొక్కకూడదు. మలుపంతా ఒకే వేగంతో తిప్పి, తిన్నగా అయ్యాక మెల్లగా పెంచండి. వెనకాల వచ్చేవాడు హారన్ కొడితే చోటు చూసి పక్కకు తప్పుకోండి, వాడి కారులో కుక్క లేదు. అనంతగిరి దాకా మేం రెండుసార్లు ఆగుతాం, చిట్టి మూతి నాక్కున్నా నాక్కోకపోయినా. రోడ్డుకు దూరంగా, బెల్టు పట్టుకుని, నేల మీద అయిదు నిమిషాలు నడిపిస్తే చెవీ కన్నూ మళ్ళీ ఒక మాట మీదికి వస్తాయి. కాఫీ తోటల దగ్గర కోతులుంటాయి, పట్టు జాగ్రత్త.

కారులో సెంటు డబ్బా ఉంటే తీసి ఇంట్లో పెట్టండి. మనకు మల్లెపూల వాసనగా ఉన్నది దాని ముక్కుకు నెత్తిన కుమ్మరించినట్టు ఉంటుంది. ఏసీ చల్లగా ఉండాలి, పాటల మోత తగ్గాలి.

మందులు

ఇవన్నీ చేశాకే మందు గురించి ఆలోచించాలి. అయితే దూరప్రయాణం తప్పనిసరైతే మందు వేయడంలో తప్పేమీ లేదు. వికారంతో అయిదు గంటలు బాధపడ్డ కుక్క మళ్ళీ కారంటే భయపడుతుంది, మీ రెండు నెలల కష్టం పోతుంది.

ప్రయాణపు వాంతికి కుక్కల కోసమే తయారైన మందు మారోపిటెంట్. అమెరికాలో దీనికి 2007లో అనుమతి వచ్చింది, సెరీనియా అనే పేరుతో. మెదడులో వాంతి పుట్టించే సంకేతాన్ని ఇది అడ్డుకుంటుంది, మత్తు పెద్దగా ఉండదు. బయల్దేరడానికి సుమారు రెండు గంటల ముందు, చిన్న ముద్ద తిండితో వేయాలి. ఇక్కడొక మెలిక ఉంది. ప్రయాణపు వాంతికి ఇచ్చే మోతాదు మామూలు వాంతులకు ఇచ్చేదానికి నాలుగు రెట్లు. అంటే ఆర్నెల్ల కింద కడుపు పాడైనప్పుడు రాసిన చీటీ చూసి అదే మాత్ర అంతే వేస్తే పనిచేయదు, నాలుగు రెట్లు అన్నానని మీరే గుణించి వేసినా తప్పే. కుక్కను తూచి డాక్టరు గారు రాయాలి. నాలుగు నెలలు నిండని పిల్లలకు ఈ మోతాదు ఇవ్వరు. వరసగా రెండు రోజులకు మించి వాడరు, అరకు వెళ్ళి మర్నాడు తిరిగి రావడానికి సరిగ్గా సరిపోతుంది. లివరు జబ్బు ఉంటే ముందే చెప్పండి. వాంతి ఆగినా చొంగ, నీరసం కొంత ఉండొచ్చు. అది చూసి ఇంకో మాత్ర వేసేయకండి.

మన ఇళ్ళలో బస్సు ప్రయాణానికి ఉండే అవోమిన్, వాంతులకు వాడే ఓన్‌డాన్‌సెట్రాన్ కుక్కకూ వేసేస్తుంటారు. రెండోది ప్రయాణపు వికారం మీద అంతగా పనిచేయదు. అవోమిన్ లాంటి అలెర్జీ జాతి మందుల్లో కొన్నింటిని కుక్కలకు డాక్టర్లే రాస్తారు, కానీ మూర్ఛ, కంటి ఒత్తిడి, మూత్రం ఆగే ఇబ్బంది ఉన్నవాటికి అవి పడవు. జలుబు మాత్రల్లో పారాసెటమాల్, ముక్కు దిబ్బడ మందు కలిసి ఉంటాయి, అవి కుక్క ప్రాణం మీదికి తెస్తాయి. మెడికల్ షాపులో అడిగి తెచ్చి వేయొద్దనేది ఇందుకే.

భయం గట్టిగా ఉన్న కుక్కకు ఆందోళన తగ్గించే మందు వేరే రాస్తారు. అలాంటి మందు ఏదైనా ప్రయాణానికి ముందు ఒకసారి ఇంటి దగ్గరే వేసి, అది కుక్క మీద ఎలా పనిచేస్తుందో చూడాలి. "మత్తుకిచ్చేయండి సార్, పడుకుంటుంది" అని అడగొద్దు. ఊరికే మత్తు పెట్టే మందుతో ఒళ్ళు పడుకుంటుంది, భయం మేలుకునే ఉంటుంది. పగ్, బుల్‌డాగ్ లాంటి పొట్టి ముక్కువాటికి మత్తు మరీ ప్రమాదం. ఒకప్పటి హచ్ ఫోన్ యాడ్ చూసి పగ్ తెచ్చుకున్న ఇళ్ళు మన దగ్గర తక్కువేం కాదు, వాటికి ఊపిరే కష్టం.

నిమ్మకాయ, అల్లం, అమృతాంజనం

బస్సెక్కే ముందు అత్తయ్య గారు సంచిలో నిమ్మకాయ వేసుకుంటారు. కుక్కలకు ఆ పుల్లటి ఘాటు సాధారణంగా పడదు, మూతి తిప్పుకుంటాయి. కారు ముందు కట్టిన నిమ్మకాయ దిష్టికి సరే, చిట్టి వాంతికి పనికిరాదు. అమృతాంజనం, కర్పూరం వాసన చూపించడం అసలు వద్దు, నాకితే కర్పూరం విషం. సీటు కింద కలరా ఉండలు వేసే అలవాటుంటే అవీ తీసేయండి. చక్కెర లేని చూయింగ్ గమ్‌లు, పిప్పరమెంట్లలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉండొచ్చు, అది కుక్కను చంపగలదు. అల్లం కొందరు వాడతారు. చిటికెడు వల్ల చెడు జరగదేమో గానీ ఘాట్ రోడ్డును దాని మీద వదిలేయలేం.

కక్కేసింది, ఇప్పుడేంటి

ముందే సీటు మీద పసిపిల్లల రబ్బరు షీటు, దాని మీద పాత దుప్పటి వేసి ఉంచితే గండం సగం తప్పినట్టే. ఓకరింపు మొదలయ్యాక "అయ్యో అయ్యో" అని అరవొద్దు, తల పైకెత్తి పట్టుకోవద్దు. చోటు చూసి ఆపండి, కానివ్వండి, మూతి తడి గుడ్డతో తుడిచి దించండి. దుప్పటి చుట్టి సంచిలో కట్టేయండి. ఇంటికొచ్చాక సీటు మీద మరక పడితే వంటసోడా చల్లి, కాసేపుంచి, తుడిచి ఎండబెట్టండి. నల్ల ఫినాయిలు వాడొద్దు, అది కుక్క ఒంటికి మంచిది కాదు. వాసన మిగిలితే మాత్రం వచ్చే ప్రయాణంలో ఎక్కగానే దానికి పాత రోజు గుర్తొస్తుంది.

ఆగిన చోట టిఫిన్ చేయడానికి కుక్కను కారులో వదిలి వెళ్ళకండి. బయట 35 డిగ్రీలుంటే పది నిమిషాల్లో లోపల దాదాపు 45 అవుతుంది, అద్దం కొంచెం దించినా పెద్ద తేడా ఉండదు. మేం వంతులవారీగా తింటాం.

తిరుగు ప్రయాణం

వెళ్ళేటప్పుడు ఇన్ని జాగ్రత్తలూ తీసుకుని, వచ్చేటప్పుడు అందరూ మరిచిపోతారు. అరకులో మధ్యాహ్నం బొంగు చికెన్ ముందు కూర్చున్నాక కుక్క కళ్ళలోకి చూస్తే ఎవరికైనా చెయ్యి జారుతుంది. అందులో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి, అవి కుక్కకు విషమే. ఆ మసాలా కడుపుతో మూడింటికి ఘాట్ దిగడం అంతకంటే ఘోరం. చేరిన రోజు ఒక గంట ఆగి, నీళ్ళు తాగాక, సగం గిన్నె అన్నం పెట్టండి. బయల్దేరే రోజు మళ్ళీ అదే లెక్క, మూడు నాలుగు గంటల ముందే తిండి బంద్, రెండు గంటల ముందు చిన్న ముద్దతో మాత్ర. దిగేటప్పుడు బ్రేకు పని ఎక్కువ కాబట్టి ఇంకా నెమ్మదిగా, చిన్న గేరులో దిగండి.

పోయిన డిసెంబరులో చిట్టి అరకు నుంచి శృంగవరపుకోట దాకా అత్తయ్య గారి ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది. ఆవిడకు మాత్రం అనంతగిరి దగ్గర ఒకసారి కారు ఆపాల్సి వచ్చింది.